ఎత్తెక్కని కారు

“తొక్కు తల్లీ, ఇంకా తొక్కు!”

మేనకోడలు యాక్సిలరేటర్‌ను నేలకంటా తొక్కింది. ఫ్లైఓవర్ సగం ఎక్కేసరికి కారు నీరసపడిపోయింది. వెనకనుంచి లారీవాడు హారన్‌తో చెవులు చిల్లులు పొడుస్తున్నాడు.

“అమ్మేద్దాం మామయ్యా అంటే వినవు. దీని మొహం చూస్తేనే నాకు ఒళ్లు మంట!”

“పక్కన ఆపు. ఒక్కసారి నా మాట విను.”

మెకానిక్ మామయ్య దిగి, బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ పక్కనున్న సెన్సర్ వైరు ఊడదీసి వచ్చి కూర్చున్నాడు.

“ఇప్పుడు పోనీ.”

కారు ఒక్క ఊపున ఎత్తెక్కేసింది. ఆమె బిత్తరపోయింది.

“వైరు పీకేస్తే బాగా నడవడమేంటి?”

“గాలి ఎంత పోతోందో కొలిచి ఇంజన్‌కి చెప్పేది ఆ సెన్సరే. చెడిపోయి తక్కువ చెబుతోంది. అది నమ్మి ఇంజన్ డీజిల్ తగ్గించేస్తోంది. ఇక గాలి నెట్టే టర్బో ఉండీ ఏం లాభం? వైరు పీకేస్తే ఇంజన్ దాని మాట వదిలేసి, సొంత లెక్కతో సరిపడా డీజిల్ పోసుకుంటుంది.”

ఆమె ఫ్లైఓవర్ దిగి కారు ఆపింది.

“అంటే... అన్నయ్య అమ్మని ఇందులో ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు కూడా...”

“ఆ రోజునుంచీ ఇది నా షెడ్డులోనే పడి ఉందిగా.”

“కానీ భయంతో కాలు ఆడలేదని అన్నయ్యే ఒప్పుకున్నాడు మామయ్యా!”

“కారు ఎందుకు లాగట్లేదో తెలియక తన కాలినే అనుమానించుకున్నాడు, పిచ్చి సన్నాసి.”

కాస్త ముందు తెచ్చి ఉంటే బతికేదని డాక్టరు అన్నప్పుడు, అందరి ముందూ ఆమె అన్నయ్య చొక్కా పట్టుకుని “అమ్మని నువ్వే చంపావు” అంది. ఆ తర్వాత అతను ఇంటి గడప తొక్కలేదు, స్టీరింగూ ముట్టుకోలేదు. ఇద్దరికీ మాటల్లేవు.

“ఎంత మాట అన్నాను మామయ్యా! నా నోరు పడిపోనూ!” వెక్కివెక్కి ఏడుస్తూనే ఫోన్ తీసింది. అటువైపు అన్నయ్య వెంటనే ఎత్తాడు.

“అన్నయ్యా, నీ తప్పేం లేదు. కారుదే. ఇంటికి రా అన్నయ్యా.”

అంత మనిషీ ఫోన్లో చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

మామయ్య కారు దిగి అటు తిరిగి నిలబడ్డాడు. పోయింది ఆయన సొంత చెల్లెలు. ఆమె పిల్లలిద్దరూ ఇలా ఎడమొహం పెడమొహంగా ఉంటే ఆయనకు ఇన్నాళ్లూ ముద్ద దిగలేదు.

ఆ చెడిపోయిన సెన్సర్‌ను ఇవాళ ఉదయమే షెడ్డులో కారుకు బిగించింది ఆయనే.