సాయంత్రం వెన్న, పొద్దున రాయి

స్పీడ్ బ్రేకర్ దాటేసరికి అమ్మ తల పైకప్పుకు ఠంగున తగిలింది.

"నీ బండి పాడుగాను! ఒంట్లో ఎముకలన్నీ చోట్లు మారిపోయాయిరా."

"కాస్త ఓర్చుకోవే అమ్మా. ఎత్తు పెంచిన కొత్తలో ఇలాగే ఉంటుందట," అన్నాడు కొడుకు, స్టీరింగ్‌ని రెండు చేతులా బిగించి పట్టుకుని.

పికప్ బండిని మూడంగుళాలు పైకి లేపించి వారమైంది. సరదాకి కాదు. కొండ మీద కొత్తగా కడుతున్న హోటలుకి కిటికీ అద్దాలు చేరవెయ్యాలి. ఆ దారి నిండా రాళ్లు. మామూలు బండి అయితే పొట్ట గీసుకుపోతుంది. ఇన్నేళ్లూ ఒకరి బండి తోలినవాడికి, సొంత బండి మీద దొరికిన మొదటి పని ఇది.

అమ్మకి ఆ కొండ మాటెత్తితేనే భయం. పద్నాలుగు మలుపులు. ఒక పక్క గోడ, రెండో పక్క ఏమీ లేదు. "నాకున్నది నువ్వొక్కడివి. ఆ పని మనకొద్దురా" అని చెప్పీ చెప్పీ ఆవిడ నోరు నొప్పి పుట్టింది. వాడు వింటేగా!

తీరా ఎత్తు పెంచాక బండి కర్రలా బిగుసుకుపోయింది. చూద్దామని ఎక్కించిన నాలుగు అద్దాల్లో రెండు వీధి చివరికి వెళ్లేలోపే పగిలాయి. అద్దాల షాపు ఓనరు తేల్చి చెప్పేశాడు.

"సోమవారం పొద్దున ఇంకొక్కసారి చూస్తా. మళ్లీ పగిలాయా, పని వేరేవాళ్లకి."

అందుకే ఇప్పుడు మెకానిక్ షెడ్డుకి పరుగు. మెకానిక్ వీళ్లకి చుట్టమేం కాదు. అయినా కొడుకు అతన్ని బాబాయ్ అంటాడు, అతను అమ్మని వదినా అంటాడు.

మెకానిక్ బండి కిందికి దూరి, కాసేపటికి బయటికొచ్చాడు.

"కొత్త స్ప్రింగులు కదా వదినా, బిగువుగానే ఉంటాయి. దానికితోడు ఈ టైర్లు చూడు, ఎత్తు పెంచినవాళ్లు గాలి కొట్టి కొట్టి బండరాళ్లు చేసి పంపించారు. ఇక మెత్తగా ఎలా పోతుంది?"

షాకబ్జార్బర్లు మార్చాడు. చివర్లో గాలి మెషిన్ గొట్టం ఒక్కో టైరుకీ తగిలించాడు. ఏ బండి షెడ్డు దాటుతున్నా అది అతని అలవాటు. అంకె నొక్కి వదిలేస్తే, ఎక్కువుంటే మెషినే తీసేస్తుంది, తక్కువుంటే నింపుతుంది, సరిపోగానే కుయ్యిమంటుంది. అతను అటు చూడను కూడా చూడడు.

తిరుగు దారిలో బండి వెన్న మీద జారినట్టు పోయింది. కొడుకు ఈల వేశాడు. ముల్లు ఎనభై దాటింది. అమ్మ తలుపు పిడి వదల్లేదు.

"కొండ మీద కూడా ఇలాగే పోతావా?"

"ఇంతకన్నా హాయిగా పోతానే!"

మర్నాడు పొద్దున బండి మళ్లీ రాయి.

మళ్లీ షెడ్డు. మెకానిక్ వెనక చక్రాల కమాన్ స్ప్రింగు పట్టీల్లో ఒకటి ఊడదీశాడు. సాయంత్రం వెన్న. పొద్దున రాయి. ఇరుసు దగ్గర రబ్బరు బుష్‌లన్నీ కొత్తవి వేశాడు. సాయంత్రం వెన్న. పొద్దున రాయి.

"మా ఆవిడ నయంరా," అన్నాడు మెకానిక్, తల గోక్కుంటూ. "కనీసం పొద్దునా సాయంత్రం ఒకేలా ఉంటుంది."

"గాలి సంగతేమైనా చూస్తావా బాబాయ్?"

"నిన్న సాయంత్రమే కదట్రా సరిచేసి పంపాను? టైర్లో గాలి తగ్గితే తగ్గుతుంది గానీ, దానంతటది పెరుగుతుందా ఎక్కడైనా? నాకే పాఠాలు చెప్తున్నాడు చూడు వదినా."

అమ్మ వెళ్లి బండిలో కూర్చుంది.

ఆలోచించి ఆలోచించి అతనే చెప్పాడు. "చలిరా. రాత్రి చలికి రబ్బరు బిగుసుకుంటోంది. ఏదైనా కప్పి పెట్టు."

కొడుకు గోనె పట్టాలు కప్పాడు. అమ్మ తను కప్పుకునే దుప్పటి కూడా తెచ్చిచ్చింది. అయినా శనివారం పొద్దున బండి కదిలించగానే వాడికి అర్థమైపోయింది. దిగి, గుమ్మంలో కూలబడ్డాడు. గడ్డం కూడా గీసుకోలేదు. ఇరవయ్యారేళ్ల మొగాడు, చిన్నపిల్లాడిలా పెదవి కొరుక్కుంటున్నాడు.

"ఇంకేం చెయ్యాలో నాకు తెలీట్లేదే అమ్మా. ఉన్నవన్నీ మార్చేశాను. నా చేతిలో ఏముందింక?"

అమ్మ పక్కన కూర్చుని తల నిమిరింది. "పోనీలేరా. ఊళ్లో నీళ్ల డబ్బాలు వేసుకున్నా మన ఇద్దరికీ బతుకు గడవదా?"

"నీళ్ల డబ్బాలకా ఇంత ఎత్తు లేపింది?" అని నవ్వబోయి, నవ్వలేకపోయాడు. అమ్మ లేవబోతూ కుడి మోకాలు పట్టుకోవడం చూసి ఇంకా నొచ్చుకున్నాడు. "ఈ కుదుపులకి నీ మోకాళ్లు కూడా పోయాయి. అంతా నా వల్లే."

అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఆదివారం మెకానిక్ షెడ్డుకి సెలవు. అయినా వచ్చి, పొద్దుపోయేదాకా బండి కిందే ఉన్నాడు. ప్రతి బోల్టూ విప్పి మళ్లీ బిగించాడు. ఇంటికొస్తూ కొడుకు నిండు నీళ్ల గ్లాసు ముందు పెట్టుకుని నడిపాడు. మూడు స్పీడ్ బ్రేకర్లు దాటినా చుక్క తొణకలేదు.

"రేపు అద్దాలు కొండెక్కుతున్నాయే!" అన్నాడు. వారం రోజుల్లో మొదటిసారి కడుపునిండా తిని, మంచమెక్కిన మరుక్షణం గుర్రుపెట్టాడు.

సోమవారం. ఇంకా వెలుగు రాలేదు. బండి మీద పట్టాలు కప్పినవి కప్పినట్టే ఉన్నాయి.

కొడుకు నిద్రలోనే ఉన్నాడని ఇంకోసారి కిటికీలోంచి తొంగిచూసి వచ్చి, అమ్మ కాలితో తొక్కే గాలి పంపుని నాలుగో టైరుకి తగిలించింది.