సున్నా కాని చీకటి

దీపాలన్నీ ఆర్పిన తొట్టిలో వెలుగు కొలిచే మీటరు పదకొండు చూపిస్తే, దాన్ని సున్నాగా దిద్దే హక్కు ఎవరిచ్చారు?

జనక్‌పురిలో నాలుగో అంతస్తులో ఉండే విశాలాక్షి, రిటైరైన వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, సాయంత్రమే ఈ ప్రశ్న అడిగింది. నీటిమొక్కల తొట్లు అమర్చే పెద్దిరాజు నవ్వేశాడు.

“మీటర్ ఖరాబైంది ఆంటీ! చీకట్లో వెలుగేంటండీ? జీరో బటన్ నొక్కేశాను, ఠీక్ హై? ఈ మొక్కలు ముసలివైపోయాయి, వీటి పనైపోయింది. పొద్దున్నే వచ్చి పీకేస్తాను.”

అవి ఆమె తొమ్మిదేళ్లుగా పెంచుకున్న మొక్కలు.

రాత్రి ఆమె ఆ దిద్దుబాటును రద్దు చేసింది. తొట్టికి నల్లటి దుప్పటి కప్పి, ఫిల్టరు ఆపి, గదిలో దీపం ఆర్పింది. మీటరు తీగ చివరనున్న సెన్సరును నీటి అడుగుకు దించింది. పదకొండు. బొటనవేలు అడ్డుపెట్టింది. సున్నా. వేలు తీసింది. మళ్లీ పదకొండు.

మీటరు అబద్ధమాడటం లేదు.

సెన్సరును తొట్టి వెనకున్న గదిగోడ వైపు తిప్పింది. ఇరవై ఆరు. నలభై. ఆ గోడకు అవతల, నాలుగో అంతస్తు ఎత్తున, ఉన్నది గాలి మాత్రమే. దుప్పటి కింద కంటికి ఏ వెలుగూ కనిపించలేదు. కానీ నీటిపైన సన్నగా బుడగలు చిట్లుతున్న చప్పుడు వినిపించింది. పట్టపగటి వెలుతురులో మొక్కలు ఊపిరి వదిలే చప్పుడది. ఆమె చెయ్యి లోపలికి పెట్టింది. రాత్రిళ్లు ముడుచుకోవలసిన ఆకులు పూర్తిగా విప్పారి, అన్నీ గోడకేసి తిరిగి ఉన్నాయి. ఆమె తల తనకు తెలియకుండానే వంగింది.

పెద్దిరాజు ఏడింటికి వస్తాడు. అంతకుముందే మీరు రండి. వేలు అడ్డుపెట్టండి, తీయండి, అంకె పైకి చదవండి. ఆ తర్వాత, ధైర్యముంటే, సున్నా అనండి.