రెండు మిల్లీమీటర్ల తేడా

పొద్దుటి నుంచి తెర మీది అంకె మొండికేసింది.

ఆసుపత్రి నేలమాళిగలోని ఆ యంత్రం కణాలను పరుగెత్తించి, సన్నటి కిరణంగా రోగి ఒంట్లోని గడ్డ మీదికి పంపుతుంది. కిరణం తను ప్రయాణించే గొట్టం నడిమధ్యలోంచి వెళ్తోందో లేదో సెన్సర్లు చెప్పాలి. నిన్న కొత్తగా బిగించిన సెన్సర్ మాత్రం, కిరణం ఒక మిల్లీమీటరు ఎడమకి పోతోందంటోంది.

ఇవాళ్టి రోగికి గడ్డ కంటి వెనక ఉంది. రెండు మిల్లీమీటర్లు తప్పితే చూపు పోతుంది.

ఇంజినీరమ్మ తెర ముందు నుంచి కదల్లేదు. పేషెంటు వచ్చి గంటయింది, ఇంకెంతసేపని పైనుంచి ఇప్పటికి నాలుగు ఫోన్లు.

ఇది చాలదన్నట్టు గుమ్మంలో ఎవరో పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. ఆలస్యం ఎందుకవుతోందో చూడటానికి హెడ్డాఫీసు నుంచి ఒకాయన వస్తాడని ముందే చెప్పారు. ఈయనే కాబోలు అనుకుంది.

కిరణాన్ని కొంచెం కుడికి జరిపింది. ఒకటి కాస్తా ఒకటిన్నర అయింది. ఇంకొంచెం జరిపింది. రెండయింది.

"మీరు సరిచేసేకొద్దీ పెరుగుతోందేంటమ్మా?" అన్నాడాయన.

ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"కాస్త బయట కూర్చోండి సార్. అవతల పేషెంటు ఎదురుచూస్తున్నాడు."

"చూస్తాడులే. నిదానంగా చేసుకో తల్లీ."

ఆ మాటతో ఒళ్ళు మండిపోయింది. మీకేం, చెప్పి వెళ్ళిపోతారు, ప్రాణం మీదికి వచ్చినవాడికి తెలుస్తుంది బాధ అని దులిపేసి, తలుపు వేసేసింది.

కానీ ఆయన ప్రశ్న లోపలే ఉండిపోయింది. నిజమే, పెరుగుతోందేంటి?

యంత్రం ఆపి, వెళ్ళి సెన్సర్ వెనక చూసింది. కుడి కేబుల్ ఎడమకి, ఎడమది కుడికి తగిలించి ఉన్నాయి. తగిలించింది తనే. కిరణం కుడికి పోతుంటే ఎడమ అని నమ్మి, తన చేత్తోనే ఇంకా కుడికి తోస్తోంది.

కేబుళ్ళు మార్చి, మళ్ళీ కొలిచి సరిచేసింది. ఈసారి అంకె బుద్ధిగా సున్నాకి వచ్చింది. మూడుసార్లు చూసుకున్నాక గానీ యంత్రం సిద్ధమని పైకి ఫోన్ చెయ్యలేదు.

ఆయన అడగకపోయి ఉంటే అనే ఊహకే ఒళ్ళు జలదరించింది. సిగ్గేసింది. క్షమించమని అడగాలనుకుంటూ బయటికి పరుగెత్తింది. బెంచీ ఖాళీగా ఉంది.

హెడ్డాఫీసు ఆయన వెళ్ళిపోయారా అని నర్సును అడిగింది.

"హెడ్డాఫీసు నుంచి ఇంకా ఎవరూ రాలేదు మేడమ్. మీ గుమ్మంలో నిలబడ్డాయన్ని ఇప్పుడే లోపలికి పంపించాం," అంటూ నర్సు గోడ మీది తెర చూపించింది.

అందులో, మాట్లాడటానికి వీల్లేకుండా ముఖానికి, తలని కదలనివ్వని జాలీ తొడుగు బిగించుకుని, బల్ల మీద కదలకుండా కిరణం కోసం ఎదురుచూస్తున్నాడు ఆ పెద్దాయన.