చదవని ఏళ్ల మార్కులు

పదో తరగతి చదువుతోనే శిక్షణ పొంది నర్సయిన ముప్పై ఎనిమిదేళ్ల అలివేణి మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టింది. తల్లి వరహాలమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు ఆమె ఇంటర్ మధ్యలోనే మానేసి, పక్కనే ఉండి తల్లిని బతికించుకుంది. ఆగిపోయిన ఆ చదువుకు మార్కులు ఎక్కణ్నుంచి తేవాలని దిగులుపడుతుంటే ఇంట్లో గోడమీది తెర కాలేజీ తరఫున మెల్లగా పలికింది.

"మీరు చదివి ఉంటే ఏమయ్యేదో మేమే లెక్కగట్టామండీ. తొంభై ఆరు శాతం. సీటు ఖాయం. ఆ ఏళ్లను మీవిగా ఒప్పుకుంటారా?"

తెరమీద జవాబు పత్రాలు కనిపించాయి. అచ్చం తన చేతిరాతే. అడుగున చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: 'తల్లి అదే ఏడు మరణించింది. చూసుకునేవారు లేరు.'

"ఇది ఉత్త లెక్కే కదా?" అంది అలివేణి.

"లెక్కేనండీ."

ఆమె ఒప్పుకుంది.

ఆ సాయంత్రం అలివేణి వంటింట్లోంచి ఇవతలికి రాగానే లోపల లైటు ఆరిపోయింది. గదిలో మనిషి ఉన్నంతసేపూ వెలిగే లైటు అది. తల్లి లోపలే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది.

"అమ్మా!"

"ఇక్కడే ఉన్నానే. ఈ మూలన ఎవరో పిల్ల సదువుకుంటంది. అచ్చం నీలాగే ఉంది. ఎంత పిలిసినా నాకేసి సూడదే!"

"ఆ మార్కులు నాకొద్దు, తీసెయ్యండి!" అని అలివేణి తెరవైపు తిరిగి అరిచింది.

"సీటు పోతుందండీ."

"పోతే పోనీ!"

వంటింట్లో లైటు వెలిగింది. మూల ఖాళీగా ఉంది. పుస్తకం మూసిన చప్పుడు మాత్రం తల్లీకూతుళ్లిద్దరికీ వినిపించింది.