మేనేజరు, బొగ్గు, పత్తి

ఫ్రేము నిన్ననే తయారైంది. అందులో పెట్టడానికి ఫోటోయే దొరకడం లేదు.

హాల్లో కుర్చీలన్నీ గోడవారకి జరిపేసి, చాప మీద ఫోటోల పెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నారు ముగ్గురూ. తండ్రి, కూతురు, కొడుకు. ఫ్రేముల షాపతను పొద్దున ఫోను చేసి ఒకటే మాట చెప్పాడు.

"ముఖం తిన్నగా ఉండాలండీ. మసకగా ఉన్నా ఫరవాలేదు, నేను చూసుకుంటాను. మధ్యాహ్నం షాపు కట్టేసేలోపు పంపించండి. రేపు పొద్దునకల్లా మీ గోడ మీద ఉంటుంది."

ఎండ అప్పుడే గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. పెట్టెలో సగం కూడా అవలేదు.

"ఇదిగో, మేనేజరు," అన్నాడు కొడుకు.

ఫోటోలో ఒక గోధుమరంగు కుక్క పేము కుర్చీలో దర్జాగా కూర్చుని ఉంది. ఆ కుర్చీ తండ్రిది. తండ్రేమో పక్కన నేల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"ఆ పేరు పెట్టింది మీరే కదా నాన్నా?"

"నేనా, ఏళ్ళ తరబడి గుమాస్తాగానే ఉండిపోయాను. వాడు ఇంటికొచ్చిన వారానికే కుర్చీ ఎక్కేశాడు. ఇంకేం పేరు పెట్టమంటావు?"

కూతురు నవ్వింది. నాలుగైదు రోజుల తర్వాత ఆ ఇంట్లో వినపడిన మొదటి నవ్వు అది. వెంటనే తప్పు చేసినదానిలా ఆపేసుకుంది.

"పాత ఆల్బం నమిలేసింది కూడా వీడే," అంది. "మీ పెళ్ళి ఫోటోలతో సహా. అట్ట ఒక్కటీ వదిలేశాడు, గట్టిగా ఉందని."

"మీ అమ్మ ఒక్క దెబ్బ వెయ్యనిచ్చిందా? పోనిద్దురూ, మళ్ళీ తీసుకుందాం అని, ఆ నెల జీతంలో కెమెరా కొనిపించింది." తండ్రి ఫోటోను వెలుతురుకేసి తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. "ఇది కాదులే. ఇంకోటి చూడు."

కెమెరా వచ్చాక ఆ ఇంట్లో తోక ఉన్న ఏ ప్రాణీ తప్పించుకోలేదు. మేనేజరు ఆవలించినా ఫోటోనే, తుమ్మినా ఫోటోనే.

తర్వాత బొగ్గు వచ్చింది. నల్ల పిల్లి. అలమారా అద్దం ముందు కూర్చుని, తనలాంటిది ఇంకోటి ఎక్కణ్ణుంచి ఊడిపడిందా అన్నట్టు చూస్తోంది. అద్దం మధ్యలో ఫ్లాష్ తగిలి తెల్లటి మచ్చ.

"అయ్యో, ఇందులో పడేదే," అంది కూతురు. "ఫ్లాష్ చెడగొట్టింది."

తండ్రి కళ్ళజోడు సర్దుకుని ఆ తెల్లమచ్చ వైపు చాలాసేపు చూశాడు.

"పత్తివి కూడా చూడు."

కుందేలుపిల్ల పత్తి. పాలసీసా రబ్బరు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. సీసాను పట్టుకున్న రెండు వేళ్ళు మాత్రం అంచులో పడ్డాయి.

"చలికాలంలో దీన్ని రాత్రిళ్ళు లోపల పెట్టే పని నాది," అంది కూతురు. "ఒక్కరోజు బద్ధకించాను."

ఆ ఫోటో కూడా పక్కకు వెళ్ళిపోయింది.

కొడుకు చేతిలో ఒకటి ఆగిపోయింది. మేనేజరుది. పెరట్లో గడ్డి మీద బోర్లా పడుకుని ఎండ కాచుకుంటున్నాడు. వాడి వీపు మీదుగా పొడుగ్గా నీడ పడింది. వాడు లారీ కింద పడటానికి కొన్ని రోజుల ముందు తీసిన ఫోటో అది.

"నాన్నా. ఆ రోజు గేటుకి గడియ పెట్టనిది నేను."

"తెలుసు."

"అమ్మ తనే మర్చిపోయానంది కదా?"

"ఆ రోజు మీ అమ్మ జ్వరంతో మంచం దిగలేదురా. గేటు దాకా ఎక్కడ వెళ్తుంది? నువ్వు తిండి మానేస్తావని తన మీద వేసుకుంది. నేనూ నోరు మూసుకున్నాను."

కొడుకు తల వంచుకున్నాడు. "నేను అమ్మతో మాట్లాడటం మానేశాను తెలుసా? దగ్గరికొచ్చి అన్నం కలిపి పెడితే కంచం తోసేశాను."

"చిన్నవాడివి."

"అంత చిన్నవాణ్ణేం కాదు."

కూతురు పెట్టె అడుగున మిగిలిన కవర్లు కూడా దులిపింది. కిటికీ దగ్గరకి వెళ్ళి నెగెటివ్‌లు ఒక్కొక్కటే పైకెత్తి చూసింది. వెనక్కి వచ్చి కూర్చుంది.

"లేదు నాన్నా. ఎక్కడ చూసినా వీళ్ళే, మనమే."

తండ్రి పెరటి ఫోటోను కొడుకు చేతిలోంచి తీసుకున్నాడు. కుక్క మీద పడిన నీడ అంచు వెంట, తల నుంచి భుజం దాకా, మెల్లగా వేలు పోనిచ్చాడు.

"మేనేజరుకి ఉన్న ఫోటోలు చూడు," అన్నాడు. "పడుకున్నవీ, లేచినవీ, గోక్కుంటున్నవీ. ఒక్క క్షణం పని. ఇటు తిరుగు అంటే సరిపోయేది."

ఫోను మోగింది. తండ్రి మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచాడు. ఫోటో చేతిలోనే ఉంది.

"సార్, నేను షాపు కట్టేస్తున్నాను. ఫోటో దొరికిందా?"

"దొరకలేదండీ," అన్నాడు తండ్రి. "ఈ ఫోటోలన్నీ తీసింది మా ఆవిడే, బతికుండగా తనని ఒక్కటంటే ఒక్కటి మేమెవరమూ తీయలేదు."