తండ్రి తరఫు పెద్ద

“ఎవరైనా నీ పేరు అడిగితే చెప్పకు. నాన్న పేరు అసలే చెప్పకు. ఎవరేం పెట్టినా తినకు. నిన్ను ప్రాణాలతో ఇంటికి తీసుకుపోతే చాలే నాకు,” అంది డోర్కస్, బస్సు ఇంకా ఆగకముందే.

“వచ్చిందే నేటివిటీ సర్టిఫికెట్ కోసం. పేరు చెప్పకుండా ఎలా ఇస్తారమ్మా?” అంది సెడూ.

“కౌంటర్ దగ్గర చెప్పు. బయట మాత్రం నోరు విప్పకు.”

సెడూకి పరీక్షల్లో మంచి మార్కులొచ్చాయి. విశ్వవిద్యాలయంలో నర్సింగు సీటు కూడా పేరు మీదికి వచ్చింది. కానీ అది ఈ జిల్లా పిల్లల కోటాలో వచ్చిన సీటు. తండ్రిది ఈ నేలేనని కాగితం పెట్టకపోతే పోతుంది.

అదీ ఇవాళ నాలుగు గంటల లోపు.

డోర్కస్ ఈ ఊరు చూడటం ఇదే మొదలు. భర్త ఓర్కుమా కుర్రతనంలోనే అలిగి ఇల్లొదిలి జోస్ నగరం చేరాడు. అక్కడే ఆమెను చేసుకున్నాడు. అక్కడే జ్వరంతో పోయాడు. బతికున్నన్నాళ్ళూ ఒకటే మాట. “మా వైపు ముసలాళ్ళకి చేతబడి తెలుసు. సొంత రక్తం మీదే చేస్తారు.”

ఆ జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందో డోర్కస్‌కి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

కౌన్సిల్ ఆఫీసు వరండాలో పిల్లలు బారులు తీరి ఉన్నారు. అరుగు మీద నలుపు తెలుపు చారల గుడ్డ కప్పుకున్న ముసలాయన ఒకడు సెడూనే చూస్తున్నాడు.

డోర్కస్ కూతుర్ని తన వెనక్కి లాక్కుంది.

ఆయన లేచి, కర్ర ఊతంగా దగ్గరికి వచ్చాడు. ఆకులో చుట్టిన వేడి అలసంద గారె అందించబోయాడు.

“పొద్దుటి నుంచీ నిలబడ్డావు, తిను తల్లీ. మీరు ఏ వంశం వాళ్ళు? మీ నాన్న పేరేమిటి?”

డోర్కస్ కూతురి మోచెయ్యి గిల్లింది.

సెడూ కళ్ళు గోడ మీది నోటీసు వైపు పోయాయి. అందులో కనబడ్డ మొదటి వంశం పేరు చెప్పేసింది. “మేం ఎంబాతియెర్ వాళ్ళం, తాతా. మా నాన్న అకోసు.”

“ఎంబాకూర్ కాదూ?”

“కాదు.”

“ఇంకొక్కసారి ఆలోచించి చెప్పమ్మా. నీ నుదురు చూస్తే...”

“దాని నుదురుతో నీకేం పని?” డోర్కస్ ఆయన చేతి మీద ఒక్కటి కొట్టింది. గారె మట్టిలో పడింది. “ఇందులో ఏం కలిపి తెచ్చావు? వయసొచ్చిన పిల్లల కోసం ఇక్కడ కాపు కాస్తావా, ముసలి పిశాచీ!”

నారింజలమ్మే ఆవిడ పకపకా నవ్వింది. “వచ్చిన ప్రతి పిల్లనీ ఇలాగే పలకరిస్తాడక్కా. పెళ్ళికొడుకు కావాలని మోజేమో!”

వరండా అంతా గొల్లుమంది. వాచ్‌మన్ వచ్చి ఆయన భుజం పట్టి మెట్ల కిందికి, ఎండలోకి నెట్టాడు. కర్ర జారింది. ఎవరూ తీసివ్వలేదు.

“చూశావా? నేను లేకపోతే ఏమయ్యేదానివి?” అంది డోర్కస్.

కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి మూడు దాటింది.

గుమాస్తా మార్కుల జాబితా చూశాడు. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఫొటోలు చూశాడు. “అన్నీ ఉన్నాయి. మరి తండ్రి తరఫు పెద్ద ఏడమ్మా?”

“ఏ పెద్ద?”

“కాగితాలు ఎవరైనా తెస్తారు. తండ్రి వంశంలో పెద్ద ఒకరు వచ్చి, నేల మీద చెయ్యి పెట్టి, ‘ఈ పిల్ల మా పిల్లే’ అనాలి. లేకపోతే సీట్ల కోసం దేశమంతా వచ్చి మా జిల్లా అంటుంది.”

“మాకిక్కడ ఎవరూ తెలియరయ్యా,” అంది డోర్కస్.

“వంశం ఏది?”

“ఎంబాకూర్,” అంది సెడూ.

“మరి కంగారెందుకు? వాళ్ళ పెద్ద రోజూ ఇక్కడే ఉంటాడు.” గుమాస్తా కిటికీలోంచి కేకేశాడు. “తాతా! ఇలా రా, నీ వాళ్ళెవరో వచ్చారు!”

ఒంటి నిండా దుమ్ముతో ఆ ముసలాయనే గబగబా లోపలికి వచ్చాడు. తల్లీకూతుళ్ళను చూసి ఆగిపోయాడు.

డోర్కస్ ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది. “పెద్దాయనా, పొద్దున తండ్రి పేరు అబద్ధం నేనే చెప్పించాను! భయపడి చెప్పించాను. దీని తండ్రి ఓర్కుమా. నా బిడ్డ మీద ఒట్టు!”

“నిజం తాతా, మా నాన్న ఓర్కుమానే,” సెడూ ఏడుస్తోంది.

“పొద్దున ఒక నాన్న, ఇప్పుడొక నాన్న. సాయంత్రానికి ఇంకెవరమ్మాయ్?” అన్నాడు గుమాస్తా. వెనక వరసలో నవ్వులు. “త్వరగా చెప్పు తాతా. ఈ పిల్ల మీ పిల్లేనా?”

ముసలాయన మెల్లగా వంగాడు. చెయ్యి నేల దాకా వెళ్ళింది. తాకకుండానే ఆగింది.

సెడూ ముఖంలోకి చాలాసేపు చూశాడు. నవ్వులు ఆగిపోయాయి. గుమాస్తా గడియారం వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు చూశాడు.

ఆయన కర్ర పట్టుకుని, వంగిన నడుము ఎత్తాడు.

“నా కొడుకు ఓర్కుమా బిడ్డ ఎప్పటికైనా ఈ కాగితం కోసం ఇక్కడికి రాక తప్పదని, ఏళ్ళ తరబడి ఆ అరుగు మీద కూర్చుని వచ్చిన ప్రతి పిల్లనీ అడుగుతున్నాను బాబూ, ఈ అమ్మాయినీ అడిగాను, కాదంది.”