అందరూ ఒప్పుకున్నారు

ఎనిమిది పోర్షన్ల వాళ్ళూ ఒకేసారి వచ్చి వసారాలో నిలబడ్డారు. నాగేశ్వర్లుకు గుండె గుభేలుమంది. ఒక్కొక్కరే వస్తే ఆయన ఎంతమందినైనా సముదాయించగలడు. మార్కాపురం బజారులో నలభై ఏళ్లు బట్టల దుకాణం నడిపిన మనిషి, మాటలకేం కొదవ? గుంపుగా వస్తేనే చిక్కు.

"ఏంది, పొద్దున్నే పెళ్ళికి పోతున్నట్టు అందరూ బయల్దేరినారు?" అన్నాడు నవ్వు తెచ్చుకుని.

"మేము ఖాళీ చెయ్యడం లేదన్నా. ఆ మాట చెప్పిపోదామని వచ్చినాం" అంది నర్సు స్టెల్లా.

ఊరు జిల్లా కేంద్రం అయినప్పటి నుంచి అద్దెలకు రెక్కలొచ్చాయి. ఒంగోలు నుంచి వచ్చే ఉద్యోగులు ఎంతైనా ఇస్తాం, ఇల్లు చూపించండి అంటున్నారు. పొదిలి బిల్డరొకడు వచ్చి, ఇంటి వెనకున్న ఎనిమిది పోర్షన్లూ కూలగొట్టి లాడ్జి కడదామన్నాడు. నాగేశ్వర్లుకు నోరూరింది. "వీళ్ళు పోతే మధ్యాహ్నం పూట నాకు మాట్లాడే మనిషుండదు" అని భార్య రాజేశ్వరమ్మ ఒకే ఒక్కసారి అంది. ఆయన వినిపించుకోలేదు, ఆమె మళ్ళీ ఎత్తలేదు.

ఆ పోర్షన్లలో ఉన్నవాళ్ళకు ఇక్కణ్ణించి కదిలితే వాళ్ళ సంపాదనకు ఊళ్ళో పశువుల కొట్టం కూడా దొరకదు. ఆ సంగతి నాగేశ్వర్లుకూ తెలుసు. తెలిసే ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు.

"అదేంది స్టెల్లా! ఈశ్వరి ఒప్పుకునింది గదా?"

పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఈశ్వరి ముందుకొచ్చింది. "నాతో స్టెల్లక్క ఒప్పుకునిందని చెప్పినావు గదన్నా!"

"నాతో ఇద్దురూ ఒప్పుకున్నారని చెప్పినావు సామీ" అన్నాడు పుల్లన్న. నల్లమల తేనె అమ్ముకునే ఆ పెద్దాయన మొదటి పోర్షన్‌లో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాడు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాగేశ్వర్లు ముఖం మాడిపోయింది.

అంతలో రాజేశ్వరమ్మ వంటింట్లోంచి విసురుగా వచ్చింది. "ఎంత ధైర్యమమ్మా మీకు! ఇంటికొచ్చి పెద్దమనిషిని నిలదీస్తారా? ఇన్నేళ్లు ఉండనిస్తానని ఈయన మీకేమన్నా కాగితం రాసిచ్చినాడా?"

నాగేశ్వర్లుకు ప్రాణం లేచొచ్చింది. "అద్గదీ! అట్ల అడుగు."

"రాసియ్యలేదమ్మా. అందుకే ఇప్పుడు రాసియ్యమంటున్నాం. మూడేళ్లకు" అంది స్టెల్లా.

"మూడేళ్లా!" రాజేశ్వరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఊరంతా అద్దెలు రెట్టింపైతే మీరు పాత అద్దే పారేస్తామంటారు, అంతేనా?"

"పాతది ఎందుకమ్మా? ఏడాదికి నూటికి ఐదు పెంచి ఇస్తాం" అంది ఈశ్వరి.

"ఓహోహో, ఐదు! ఇంకేం, వెనక కప్పు కారతాందని అది గూడ ఈయన్నే బాగుచేయించమంటారు కాబోలు!"

"మంచి మాట గుర్తు చేసినావు తల్లీ" అన్నాడు పుల్లన్న. "అది గూడ రాసియ్యి సామీ."

నాగేశ్వర్లుకు ఒళ్ళు మండింది. భార్యను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాడు.

"నీకో దండమే, ఇంక నోరు తెరవాకు! నువ్వు మాట్లాడినప్పుడల్లా వాళ్ళకో కొత్త కోరిక పుడతాంది."

"మీ తరఫున మాట్లాడినా తప్పేనా?" రాజేశ్వరమ్మ కళ్ళొత్తుకుంది. "పోనీ కోర్టుకే పొండి. ఐదారేళ్లు నడుస్తాది. అందాకా ఆ పొదిలాయన ఆగుతాడు లెండి."

నాగేశ్వర్లు స్టూలు మీద కూలబడ్డాడు. ఆ బిల్డరు ఆగడు. పక్క వీధిలో ఇప్పటికే ఇంకో స్థలం చూస్తున్నాడట. అదీ గాక, నిజం చెప్పొద్దూ, నాగేశ్వర్లు మనసులో ఓ ముల్లు కలుక్కుమంటూనే ఉంది. పోయిన వేసవిలో షుగరు పడిపోయి గేటు దగ్గర తూలితే, నోట్లో చక్కెర పోసి నిలబెట్టింది స్టెల్లా. ఒక రోజు కూలి పోగొట్టుకుని ఆస్పత్రిలో కూర్చుంది ఈశ్వరి. అలాంటి వాళ్ళను వీధిలోకి నెట్టి లాడ్జి కట్టుకుని ఏం బావుకుంటాడు? ఒప్పుకుందామని అనుకోగానే ఆయనకు ఒంట్లో బరువు దిగినట్టయింది. ఓడిపోవడం ఇంత హాయిగా ఉంటుందని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

"కాగితం తెచ్చుకోండి, రాసిస్తా" అన్నాడు బయటికొచ్చి.

"తెచ్చినామన్నా." స్టెల్లా బ్యాగులోంచి మడతపెట్టిన కాగితం తీసింది.

నాగేశ్వర్లు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మూడేళ్లు. నూటికి ఐదు. కప్పు మరమ్మతు. అన్నీ పొందిగ్గా రాసి ఉన్నాయి.

"గట్టోళ్ళే మీరు! అన్నీ ముందే రాసుకోనొచ్చినారే!" అంటూ సంతకం గీకేశాడు. "ఏమే, అందరికీ కాఫీ పెట్టు."

ఈశ్వరి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "మా పాప బడి మారే పని తప్పింది, చాలన్నా" అంది. పుల్లన్న హాయిగా మెట్ల మీద చతికిలబడ్డాడు. రాజేశ్వరమ్మ కాఫీ గ్లాసులు పంచి, వచ్చి మొగుడి పక్కన నిలబడింది.

కాగితం తిరిగి ఇవ్వబోతూ నాగేశ్వర్లు అడుగున ఉన్న ఇంకో వరస చూశాడు. 'అద్దెదారుల సంఘం అధ్యక్షురాలు' అని రాసి, సంతకానికి జాగా వదిలారు.

"సంఘం గూడ పెట్టినారా, ఓర్నాయనో! నువ్వేనా స్టెల్లా అధ్యక్షురాలివి? పెట్టు మరి సంతకం" అంటూ నవ్వి పెన్ను చాపాడు.

స్టెల్లా ఆ పెన్ను తీసుకుని రాజేశ్వరమ్మకు ఇచ్చింది.